శ్రవ్య సాహిత్యం – ధ్వని సంపీడనం

రేడియోలో విన్న పద్యాన్నో నాటికనో విమర్శించేటప్పుడు రచనను గురించీ, చదివినవారి గొంతును గురించీ మాట్లాడతాం. ఆ గొంతు ప్రసార యంత్రాల గుండా మన చెవికి చేరేలోగా ఏమవుతున్నదో సాహిత్య విమర్శ సాధారణంగా పట్టించుకోదు. పట్టించుకోవాలన్నది మా అభిప్రాయం. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో తరాలుగా స్థిరపడిన కుటుంబాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో వేరొక లిపి నేర్చినవారున్నారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. అటువంటివారికి పద్యపు తెలుగు ముఖ్యంగా చెవి ద్వారానే అందాలి. విన్నది చెడితే సరిచూసుకునే ఆధారం వారికి లేదు.

కంప్రెషన్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి, వాటిని కలిపివేయరాదు. మొదటిది తీవ్రతను అదుపు చేయడం. పెద్ద ధ్వనులను తగ్గించి, తర్వాత మొత్తాన్ని పెంచుతారు. గుసగుసా కేకా దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. రెండవది డిజిటల్ సమాచారాన్ని కుదించడం. 1990ల తొలినాళ్లలో ప్రమాణంగా రూపొందిన ఎంపీ3 వంటి పద్ధతులు, పెద్ద ధ్వనుల చాటున చెవికి ఆనవని లెక్కకట్టిన సూక్ష్మధ్వనులను వదిలివేస్తాయి.

మొదటిదాన్ని పూర్తిగా నిందించడం న్యాయం కాదు. మీడియం వేవ్ ప్రసారం దూరానికి పోయేకొద్దీ రొద పెరుగుతుంది. మాట ఆ రొదపైకి తేలాలంటే సగటు తీవ్రత పెంచక తప్పదు. దూరాన ఉండి వినేవారికే ఆ మేలు ఎక్కువ. వార్తలకు అది తగినదే. వార్తలకు పెట్టిన బిగింపునే పద్యానికీ నాటికకూ ఉంచినప్పుడే మా ఆక్షేపణ.

'అటు', 'అట్టు' అనే మాటలను చూడండి. రెండవదానిలో టకారానికి ముందు గాలి ఎక్కువసేపు ఆగుతుంది. ముందున్న అకారం గురువు కావడంలో ఆ చిన్న మౌనానికి పాత్ర ఉంది. కంప్రెషర్ మరీ త్వరగా తేరుకునేటట్లు అమర్చితే ఆ మౌనంలోకి గదిలోని రొద, వెనుక తంబుర పైకి లేస్తాయి. తక్కువ బిట్ రేటులో కుదిస్తే టకారం పలకడానికి ముందే సన్నని రొద పరచుకుంటుంది. సందర్భం ఆదుకుంటుంది కనుక మాట అర్థమవుతుంది, మసకబారేది ఛందస్సు. గణాలను చెవితో నేర్చే విద్యార్థికి ఇది చిన్న నష్టం కాదు.

ఉచ్చారణ విమర్శకూ ఇదే వర్తిస్తుంది. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. సాధారణ రిసీవర్లు 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గరే ధ్వనిని కోసివేస్తాయి. సకారపు బలం చాలావరకు ఆపైనే ఉంటుంది; శకారపు బలం అంతకు దిగువనుంచే మొదలవుతుంది. ఎఫ్.ఎం. 15 కిలోహెర్ట్జ్ వరకు మోయగలదు. కాబట్టి చదివినవారికి శ, స భేదం తెలియదని తీర్పు చెప్పేముందు, విన్నది ఏ ప్రసారంలోనో అడగాలి.

ఇక నాటిక. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఆకాశవాణిలో పనిచేస్తూ చెవి కోసం రాశారు. రంగస్థలం లేని నాటికలో పాత్ర తలుపవతల ఉన్నదో, పక్కనే ఉన్నదో తెలియడానికి స్వరం హెచ్చుతగ్గులే ముఖ్యమైన ఆధారం. అన్నిటినీ సమం చేస్తే పాత్రలన్నీ ఒకే మైకు ముందు నిలబడినట్లుంటాయి. అప్పుడు రచన పేలవమనడం తొందరపాటు.

దీనికి ఉపాయం లేకపోలేదు. శిఖరాన్ని కాక చెవికి తోచే బిగ్గరతనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో ప్రమాణం చేసింది. దాని ఆధారంగా 2010లో యూరప్ ప్రసార సంస్థల సంఘం తన సిఫారసును ప్రకటించింది. కార్యక్రమాలను నలిపివేయకుండానే ఒకదానితో ఒకటి సరితూగేటట్లు చేయవచ్చునన్నది వీటి సారాంశం.

విద్యార్థులు చేయదగినదీ ఉంది. మీ ఊరి పెద్దల పాటలను, కథలను రికార్డు చేసినప్పుడు మూలప్రతిని వేవ్ ఫైలుగా, కుదించకుండా దాచండి. పంచుకోవడానికి చిన్న ప్రతిని తర్వాత ఎప్పుడైనా తయారు చేయవచ్చు. ఒకసారి వదిలివేసిన ధ్వని మాత్రం చిన్న ప్రతినుంచి తిరిగి రాదు.