గొడ్డు అని ముద్ర వేసే ముందు

ఆనందపురం దగ్గరి ఒక పల్లెలో ఈ వారం ఒక జెర్సీ ఆవును సంతకు తోలేశారు. మూడుసార్లు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవలేదు. గొడ్డుదని తేల్చేశారు. పాకలో దాని పలుపు, సగం తిన్న వరిగడ్డి అలాగే ఉన్నాయి. చూసొచ్చిన ఈ కాలమ్ రచయితకు ఆ పూటంతా మనసు మనసులో లేదు.

అతని పాత గోడు పాఠకులకు తెలిసిందే: ఊరి ఆంబోతు పోయాకే పశువులకు చూళ్లు తప్పడం మొదలైందని. చిన్నప్పుడు సింహాద్రి అప్పన్నకు మొక్కిన కోడెదూడ వెంట తాతతో కొండ దాకా నడిచినవాడు. దూడ మెడలో పసుపుతాడు, నుదుట కుంకుమ. పలుపు వదిలేటప్పుడు తాత దాని చెవి నిమిరి, కాసేపు అలాగే నిలబడిపోయాడు. అలాంటి కోడె మందలో తిరిగితే ఎద కనిపెట్టే పని దానిదే. మన కోడెల విలువ ఊరు దాటింది: 1960ల మొదట్లో కూడా ఒంగోలు కోడెలు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ వాటి జాతి పేరు నెలోర్, మన నెల్లూరే.

ఆవును తోలేసిన ఇంటి ఇల్లాలిని అడిగితే ఒకటే మాట చెప్పింది. "రేతిరి అరిసినాది బావూ. సూది మర్నాడు సందేళకి గానీ పడనేదు."

లోపం అక్కడుంది. ఆవుకు ఎద ఉండేది 12 నుంచి 18 గంటలు. పొద్దున ఎద తీగలు (జిగురు స్రావం) కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది పడాలి. తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. రోజుకు 150 రూపాయల మేత అనుకున్నా 3,150 రూపాయలు. మూడు ఎదలకు 9,450. రాని పాలు, పుట్టని దూడ ఇందులో కలపలేదు. ఇక వేసవిలో గేదెలది ఎక్కువగా మూగ ఎద, అరుపు కూడా ఉండదు.

ఆంబోతే మేలన్న మాటను అతను వెనక్కి తీసుకుంటున్నాడు. ఊరంతా తిరిగే ఆంబోతు ఒక పశువు గర్భాశయ జబ్బును ఇంకోదానికి అంటిస్తుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిన, పరీక్షించిన కోడె వీర్యంతో ఆ భయం తక్కువ. చూళ్లు పోగొట్టే జబ్బుల్లో ఒకటైన బ్రూసెల్లా సోకితే చూడి పశువు ఈసుకుపోతుంది. దాని మాయను వట్టి చేతుల్తో తీసినవాళ్లకూ జబ్బు వస్తుంది. ఇది రాకుండా పెయ్యదూడకు 4 నుంచి 8 నెలల మధ్య ఒక్క టీకా చాలు.

సూది వేసేవాళ్లు ముందు పాలు పితికే ఇల్లాలిని అడగండి, ఎద ఎప్పుడు మొదలైందో. రైతులు దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలపండి. మూడుసార్లు చూడి నిలవకపోతే, సంతకు తోలే ముందు పశువుల డాక్టరుకు చూపించండి.