సోడియం పడిపోయిందట!

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఓ ఉప్పు ప్యాకెట్. మా మేనమామకు బీపీ అని ఆయన కోడలు 'లో సోడియం' ఉప్పు కొనిపెట్టింది. ఆవకాయ తరఫున ఈ కాలమ్ ఎన్నిసార్లు వకాల్తా పుచ్చుకుందో మీకు తెలుసు. నా కోపం ఎటు పోతుందో ఊహించే ఉంటారు.

పెద్దవాళ్లున్న ఇళ్లలో 'సోడియం పడిపోయింది' అన్న మాట ఇప్పుడు 'షుగర్ పెరిగింది' అన్నంత మామూలైంది. ఓ వేసవిలో మా మేనత్తకు ఉన్నట్టుండి మాట తడబడింది. మనవణ్ని తమ్ముడి పేరుతో పిలిచింది. రాత్రి బాత్రూమ్ దగ్గర తూలి పడింది. వయసు మీద పడిందన్నారు, గాలి సోకిందన్నవాళ్లూ ఉన్నారు. రక్తం తీస్తే సోడియం 118. ఉండాల్సింది 135 నుంచి 145. ఇంకేం, ఉప్పు మజ్జిగ, అప్పడాలు, ఊరగాయలతో చుట్టాలు దిగారు. డాక్టరు అవన్నీ పక్కన పెట్టించి ముందు బీపీ మాత్ర మార్చారు. మాత్ర పేరు చివర 'హెచ్' తోక ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉన్నట్టు. అది మూత్రంలో ఉప్పును పంపేసి బీపీ దించుతుంది. కొందరు పెద్దవాళ్లలో మాత్రం ఉప్పు పోయి నీరు లోపలే నిలిచిపోతుంది, సోడియం పలచబడుతుంది. పైగా ఎండాకాలమని ఇంట్లోవాళ్లు ఆమె చేత చెంబులకొద్దీ నీళ్లు తాగించారు!

ఇక ప్యాకెట్. అందులో మామూలు ఉప్పు కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామయ్య వేసుకునే టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లో నిలబెట్టే రకం. కిడ్నీ కూడా నీరసించిందంటే ఆ పొటాషియం 5 దాటి పైకి పోయి గుండె లయ తప్పొచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట ఈ ఉప్పును అడగకుండా కొట్లో అమ్మితే?

పారేయమనే రాయబోయాను. చైనాలో 600 పల్లెల్లో, పక్షవాతం వచ్చినవాళ్ల మీదా 60 దాటిన బీపీవాళ్ల మీదా చేసిన పరీక్ష అడ్డొచ్చింది. 75 పాళ్లు మామూలు ఉప్పు, 25 పాళ్లు పొటాషియం ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ఫలితాలు 2021లో వచ్చాయి. తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవారిని అందులో చేర్చుకోలేదు. మామయ్య క్రియాటినిన్, పొటాషియం చూసి డాక్టరు సరేనన్నారు. ప్యాకెట్ వంటింట్లోనే ఉంది, ఆవకాయే వెనక్కి జరిగింది.

కిడ్నీ రోగులకు హెచ్చరిక ఆ ప్యాకెట్ మీద ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. కంపెనీలవారూ, ఆ ఒక్క ముక్క తెలుగులో పెద్దగా వేయండి. మీ ఇంట్లో పెద్దలకు బీపీ మాత్ర మొదలుపెట్టినా, మార్చినా, ఉప్పు మార్చినా సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించాలో డాక్టరును అడగండి.