మానినవాని కథ

త్రాగుబోతు తెలుగువారికి చిరపరిచితుడు. వాడెట్లు చెడునో, ఇల్లెట్లు గుల్లయగునో, తుదకెట్లు మరణించునో మన నాటకములును చిత్రములును విసుగు లేక చెప్పినవి. త్రాగుడు మానినవాడు మరునాడు పనికై యెవరి గుమ్మము తొక్కవలెనో చెప్పిన రచన మాత్రము నాకింతవరకు తటస్థపడలేదు.

ఈ లోపమునకు మా ప్రాంతమే నిదర్శనము. 1938లో వెలువడిన ‘గృహలక్ష్మి’ చిత్రమున కల్లు మానుడని పాడుచు నాగయ్య తొలిసారిగా తెరకెక్కెను. ఆయన పుట్టినది రేపల్లె. 1953 నాటి ‘దేవదాసు’ పాటలు సముద్రాల రాఘవాచార్యుల పేర వెలువడినవి; వారిది రేపల్లె తాలూకా పెదపులివర్రు. శరత్తును తెలుగిండ్లలోనికి తెచ్చిన అనువాదకులలో ముఖ్యుడగు చక్రపాణి తెనాలివాడు. మానుమన్న గొంతును, మానలేనివానిని మనోహరుని చేసిన పాటయు ఒక్క తాలూకానుండియే వచ్చినవి. ఆ గొంతునకు మానుటతో కథ ముగిసినది. ఈ పాటకు మానుట యన్నదే లేదు.

కరుణమునకు స్థాయి శోకము. ఆశ మిగిలియున్నచోట నది పరిపుష్టి నొందదు. కనుక దేవదాసు చావక తప్పదు. అందు దోషము లేదు. ఆ చిత్రము చూచి నేనును కంట తడిపెట్టినవాడనే. కాని దేవదాసు జమీందారు బిడ్డ. కూలికి పోనందున వానియింట పొయ్యి ఆరిపోదు. సీసా ఖర్చునకు ఆలి పుస్తె తాకట్టు పెట్టవలసిన పనియు లేదు. త్రాగుడునుండి బ్రతుకుతెరువు ప్రశ్నను తొలగించినచో మిగులునది విరహమే. ఆ విరహమును రెక్కాడినగాని డొక్కాడనివారు గూడ తమదిగా పాడుకొనిరి.

శరత్తు నవలలోనే మానినవారొకరు కలరు. చంద్రముఖి తన వృత్తిని విడిచి, పల్లె చేరి, సామాన్యజీవనము గడపును. అలవాటును, ఆదాయమును, ఎరిగినవారిని ఒక్కమారుగా వదలుకొని బ్రతుకుట ఎట్టిదో ఆ పుటలలో కొంత కలదు. మనము ఆమె ప్రేమను కొనియాడి, ఆ పుటలను త్రిప్పివేసితిమి.

నిజమునకు కథ యంతయు నచ్చటనే యున్నది. తెనాలిలో తాపీపనివాడొకడు చికిత్స పొంది వచ్చెననుకొందము. వానిని పరంజా యెక్కించుటకు మేస్త్రీ జంకును. ఆ జంకు అకారణము కాదు. పనిలోనికి తీసికొన్నను, సాయంకాలము కూలి చేతబడిన చోటనే తోడివారి సీసాయు తెరచుకొనును. నిజాంపట్నము రేవున పడవపనివానికిని, బాపట్లలో ఆటో నడుపువానికిని ఇదియే చిక్కు: విడిచిన అలవాటును, విడువరాని వృత్తియు ఒక్కచోటనే కాపురముండును. కూలిని వారమున కొకమారు బ్యాంకులో వేయుట, తొలినెలలలో నేలమీది పని యొప్పగించుట, వైద్యుని చూడవలసిన దినమున సెలవొసగుట, ఒకసారి జారినంతనే వెళ్లగొట్టక మరల చికిత్సకు పంపుట — ఇవి యజమానుని దివాలా తీయించు వ్యయములు కావు. 1980లో చెన్నపట్టణమున శాంతి రంగనాథన్ స్థాపించిన చికిత్సాసంస్థ రోగితోపాటు కుటుంబమును గూడ చేరదీసినది. కుటుంబము తరువాత చేరదీయవలసినది మేస్త్రీని.

సంస్కృతమున వ్యసనమనగా దురలవాటే కాదు, ఆపద కూడ. తెలుగు వాడుకలో రెండవ యర్థము మరుగుపడినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యపానమువలన కలుగు మానసికస్థితులను రుగ్మతలలో చేర్చి ఆ యర్థమును కొంత నిలిపినదిగాని, చట్టమును చదివి కూలివారిని పిలుచు మేస్త్రీ యెవడు?

ఇట్టి నాయకునికి రసమేదని పండితులడుగవచ్చును. ఉత్సాహము స్థాయిగాగల వీరమే. సాహిత్యదర్పణకారుడు వీరమును దాన, ధర్మ, యుద్ధ, దయాభేదములచే నాలుగు విధములుగా విభజించెను. పని యిచ్చినవానిని దయావీరుని చేసి దండ వేయుటకు మన రచయితలు త్వరపడుదురని నా భయము. ఆ దండ నాకు సమ్మతము కాదు. పనికి కూలి యిచ్చుట దయ యెట్లగును? వీరుడు రెండవవాడు. నాటకము మేస్త్రీ గుమ్మమున తెల్లవారుజామున ఆరంభము కావలెను. నాయకుని చేతిలో తాపీ యుండును. ఆ చేయి యింకను కొంచెము వణకుచుండును. మేస్త్రీ చూపు ముందుగా దానిమీదనే పడును. అప్పుడు వారిద్దరును ఏమి మాటాడుకొందురో వ్రాయగలవాడు వ్రాయవలెను.