వీడియో పాఠముల కుదింపు సాధనములు – గుణదోష విచారణ

పత్తిని బేలుగా బిగించుటకును, మిరపకాయను కారముగా కొట్టించుటకును గల భేదమును గుంటూరు సీమ రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. బేలు విప్పినచో పత్తి తిరిగి పత్తియే. కారమును ఎంత జల్లించినను కాయ తిరిగి రాదు. వీడియోలను చిన్నవిగా చేయు కంప్యూటరు సాధనములు చాలవరకు రెండవ జాతికి చెందినవి. ఈ సంగతిని మనకు తెలియజెప్పి పని చేయునది మంచి సాధనము. దాచిపెట్టి పని చేయునది ఎంత వేగమైనదైనను నమ్మదగినది కాదు. ఈ అభిప్రాయమునకు నేను వచ్చిన విధమును ముందుగా మనవి చేసెదను.

పొన్నూరు చుట్టుపట్ల గ్రామముల నుండి మా తరగతులకు వచ్చు విద్యార్థులు పాఠమును తిరిగి చూచుకొనునది చేతిలోని ఫోనులోనే. వారి డేటా రోజుకు జీబీ, రెండు జీబీల లెక్కన కొనబడునది. నేను ఒక వేసవిలో నల్లబల్ల ముందు నిలబడి నలుబది రసాయన శాస్త్ర పాఠములను ఫోనుతో చిత్రించితిని. ఒక్కొక్కటి 45 నిమిషములు. సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున చిత్రించినందున పాఠమొక్కటికి 5.7 జీబీ, మొత్తము సుమారు 230 జీబీ అయినది. దీనిని ఏ విద్యార్థియు దింపుకొనలేడు. ప్రకటనలో చూచిన ఒక సాధనమును తెచ్చి, నలుబది ఫైళ్లను వరుసగా పెట్టి, రాత్రి నడిపించి నిద్రపోతిని. తెల్లవారుసరికి పాఠమొక్కటి 60 ఎంబీకి దిగినది. సంతోషముతో అందరికిని పంచితిని.

వారము తిరుగకముందే నోట్సులు దిద్దుచుండగా ఒక విద్యార్థి చెప్పినాడు: "సార్, వీడియోలో క్లోరైడు పైన మైనస్ లేదండీ. అందుకే నేను వేసుకోలేదు." నేను బల్లపై ఆ గుర్తు వేసిన మాట నిజము. వీడియోలో అచట ఒక బూడిదరంగు మరక మాత్రమే యున్నది. అసలు ఫైలును చూతమన్న అదియును లేదు. "మార్పిడి ముగిసిన పిదప మూలమును తొలగించుము" అను గడిలో ముందే టిక్కు పెట్టి యుండెను, నేను చూడలేదు. ఆ పాఠములను మరల చెప్పి, మరల చిత్రింపవలసి వచ్చినది.

ఆ గీత ఎట్లు మాయమైనదో విచారింతము. 1920 అడ్డు, 1080 నిలువు బిందువులు గల చిత్రములు సెకనుకు 25 చొప్పున, బిందువునకు 3 బైట్ల వంతున ఉన్నట్లయిన సెకనుకు 15 కోట్ల 55 లక్షల బైట్లు కావలెను. ఇంత భారమును ఫోనే మొదట చాలవరకు తగ్గించును. ప్రక్కప్రక్క చిత్రములలో మారని భాగమును తిరిగి వ్రాయదు. మిగిలిన దానిని చిన్న చదరములుగా విడదీసి, ప్రతి చదరములోను మెల్లగా మారెడి వెలుగు నీడలను ఒక వైపునకు, గీతలవలె హఠాత్తుగా మారెడి వానిని మరియొక వైపునకు చేర్చును. తరువాత రెండవ జాతిని ముతకగా లెక్కకట్టి, పెక్కింటిని సున్నా చేయును. మన కన్ను ముఖముల విషయములో ఈ మోసమును గ్రహింపదు. సుద్దముక్కతో గీచిన ఋణ గుర్తు మాత్రము కేవలము హఠాత్తు మార్పే. 60 ఎంబీ పాఠమునకు శబ్దముతో కలిపి సెకనుకు 178 కిలోబిట్లు మాత్రమే దక్కినవి. అంత ఇరుకులో మొదట బలియగునది అట్టి గీతయే.

ఇక పేర్ల తికమక. ఎంపీ4, ఎంకేవీ అనునవి సరుకు కావు. మిరప యార్డులోని టిక్కీల వంటివి. లోపలి సరుకు వేరు: 2003లో వెలువడిన హెచ్.264, 2013 నాటి హెచ్.265, 2018 నాటి ఏవీ1 మొదలైనవి. ఫైలు ఒక చోట తెరచుకొనకపోవుటకు కారణము తరచుగా టిక్కీయే. అప్పుడు టిక్కీ మార్చిన చాలును, సరుకును ముట్టుకొననక్కరలేదు. ఈ పని నిమిషములలో ముగియును, నాణ్యత రవంతయు తరగదు. పాత ఫోనులు కూడ చదువవలెనన్న నేటికిని హెచ్.264యే నిరపాయకరము. జిప్ చేయుట బేలు కట్టుట వంటిదే గాని, ముందే కుదించబడిన వీడియో అందు వలన ఇంచుమించు తగ్గదు.

కావున సాధనమును మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. టిక్కీ మార్పుతో సరిపోవు చోట దంచక ఊరకుండగలదా? పరిమాణమునకు బదులు నాణ్యతను మనము నిర్ణయింపనిచ్చునా? మూలమును కాపాడి, తప్పు జరిగిన ఫైలును చూపునా?

మొదట ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో ప్రారంభించిన ఈ ఉచిత సాధనము నేడు అనేక ఇతర సాధనముల కడుపులో పని చేయుచున్నది. మూడు ప్రశ్నలలో మొదటి రెంటికి దీని సమాధానము సంపూర్ణము. నాణ్యతను 0 నుండి 51 వరకు గల అంకెతో చెప్పవచ్చును. అంకె తగ్గిన కొలది నాణ్యత హెచ్చును. వ్రాత ఎక్కువగా ఉన్న పాఠమునకు ఎక్కువ బిట్లు, మాటలే ఉన్న పాఠమునకు తక్కువ బిట్లు అదియే పంచుకొనును. దోషములును కలవు. మీటలు లేవు, ఆజ్ఞలను అక్షరములలో వ్రాయవలెను. ఏమియు చెప్పనిచో తనకు తోచిన విధముగా తిరిగి దంచును. అదే పేరుగల ఫైలు ఉన్నచో తుడువవచ్చునా అని అడుగును గాని, బ్యాచ్ పనులలో మనమే ఆ ప్రశ్నను నోరు మూయించెదము. అప్పుడు ఒక్క అక్షరము తప్పినను నలుబది మారులు తప్పును.

రెండవది హ్యాండ్‌బ్రేక్. ఎరిక్ పెటీ 2003లో ఆరంభించినది, ఇదియును ఉచితమే. ఒక ఫోల్డరునంతను ఒక్కసారి చూపి, అన్నింటిని వరుసలో పెట్టి రాత్రికి వదలవచ్చును. నాణ్యత అంకెను జారుడు మీటతో ఎన్నుకొనవచ్చును. 1080 గీతల చిత్రమునకు 20 నుండి 24 వరకు ఉంచుమని దాని వివరణ గ్రంథమే చెప్పుచున్నది. మూల ఫైలుపై తిరిగి వ్రాయదు. దీని ప్రధాన లోపము మొదటి ప్రశ్న వద్ద బయటపడును: చిత్రమును ఎప్పుడును తిరిగి దంచవలసినదే, టిక్కీ మార్పు దీనికి తెలియదు. మరియొక హెచ్చరిక. 2017 మే నెల మొదటి వారములో మ్యాక్ యంత్రములకు దీనిని అందించు ఒక మిర్రర్ సర్వరులో దుండగులు దొంగ ప్రతిని ఉంచిరి. మంచి సాధనమైనను అసలు చోటు నుండియే తెచ్చుకొని, ప్రకటించిన చెక్‌సమ్‌తో సరిచూచుకొనవలెను.

ఆజ్ఞలు వ్రాయుట కష్టమనువారికి షట్టర్ ఎన్‌కోడర్ కలదు. ఇది ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు మీటలు అమర్చినట్టిది. టిక్కీ మార్పును కూడ చేయును. అయితే మీటలు మరీ ఎక్కువ. పాఠము మొదట చివర పనికిరాని భాగమును దంచకుండ కోయుటకు లాస్‌లెస్‌కట్ చక్కనిది. "ముప్పది రెట్లు వేగము, నష్టము సున్నా" అని చాటుకొను సాధనములు తరచుగా గ్రాఫిక్స్ కార్డుపై ఆధారపడును. వేగము నిజమే. కాని అంతే పరిమాణములో, తీరికగా ప్రాసెసరుపై చేసిన కుదింపుతో పోల్చిన సామాన్యముగ నాణ్యత తక్కువ. రాత్రంతయు నడచు పనికి తొందర ఏల?

పాఠములను చిన్నవి చేయుటలో ఏది వదలుకొనవలెనో కూడ చూడుడు. 1080 గీతల చిత్రములో 3 బిందువుల మందము గల ఋణ గుర్తు, 720కి దించిన 2 బిందువులగును. 480కి దించిన ఒకటింబాతిక కంటె కొంచెమే ఎక్కువ. కాని సెకనుకు 30 చిత్రములకు బదులు 15 ఉంచిన నల్లబల్లకు నష్టము లేదు. బోధకుని చేయి కొంచెము గెంతుచు కదలును, అంతే. శబ్దమునకు ఒకే ఛానెల్, 64 కిలోబిట్లు చాలును. చిత్రమునకు సగటున 500 కిలోబిట్లు పడినచో 45 నిమిషముల పాఠము 190 ఎంబీ అగును. 60 కంటె ఇది మూడింతలు. కాని ఇందు గీత నిలుచు అవకాశమున్నది.

పాత పెండ్లి టేపులను మార్చు స్టూడియోలవారికిని ఇదియే న్యాయము. మినీ డీవీ టేపు గంటకు సుమారు 13 జీబీ. దానిని ఉన్నది ఉన్నట్లు దాచి, ఫోనుకై వేరొక ప్రతిని తీయవలెను. ఆ టేపులో చిత్రము సరి, బేసి గీతలుగా విడివిడిగ నున్నది. వానిని కలుపు ఏర్పాటు లేనిచో చేతులు కదలినపుడెల్ల దువ్వెన పళ్లవలె చారలు కనబడును.

1975 ఆగష్టు నుండి 1976 జులై వరకు సాగిన సైట్ ప్రయోగములో ఉపగ్రహము ద్వారా 2,400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. మన రాష్ట్ర గ్రామములకు తెలుగులోనే అందినవి. నాడు ఊరికి ఒక టెలివిజను. నేడు చేతికి ఒక తెర. నాడు పాఠమును తీర్చి పంపుటకు నిపుణులుండిరి. నేడు ఆ బాధ్యత మన వంటి బోధకుల ఒక్క మీటపై పడినది.

ఇక నా సలహా. మొదటిసారి చేయువారు హ్యాండ్‌బ్రేక్‌తో ప్రారంభింపుడు. ఏటేట ఈ పని చేయువారు ఎఫ్ఎఫ్ఎంపెగ్ నేర్చుకొనుడు. ఏదైనను, ముందు అతి చిన్న అక్షరములున్న రెండు నిమిషముల ముక్కను మార్చి, తరగతిలో అన్నింటికంటె చౌక ఫోనులో చూడుడు. ఋణ గుర్తు కనబడిన పిదపనే మిగిలినవి వరుసలో పెట్టుడు. తెల్లవారిన తరువాత ప్రతి ఫైలు నిడివిని మూలముతో సరిపోల్చుడు. మూలములను మరియొక డిస్కులో భద్రపరచుడు. వానిని తుడుచు హక్కును ఏ సాధనమునకును ఈయకుడు.