మూఢంలో వేసిన లెక్క

మూఢం వచ్చిందంటే మా ఊరు అత్తిలిలో శుభలేఖల పని ఆగిపోతుంది. ఆషాఢంలోనూ అంతే. బిల్లు పుస్తకాలు, స్కూళ్ల ప్రోగ్రెస్ కార్డులు, అడపాదడపా ఓ పెద్దకర్మ కార్డు తప్ప కంప్యూటరు ముందు కూర్చునే పనుండదు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారాలా, ఉన్నదాంతోనే లాక్కురావాలా అని ప్రెస్సు నడిపేవాళ్లం లెక్కలేసుకునేది ఆ ఖాళీలోనే. ఏటా వేసి ఏటా వాయిదా వేసే ఆ లెక్క ఈసారి తేల్చక తప్పలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు అయిపోయింది. మా సిస్టమ్ విండోస్ 11కి సరిపోదు. సిస్టమ్ మారిస్తే అందులోని పేజ్‌మేకర్ సంగతేంటి, అను ఫాంట్ల సంగతేంటి, ఇన్నేళ్లుగా దాచిన ఫైళ్ల సంగతేంటి?

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ కంపెనీ నుంచి వచ్చింది. 1994లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7.0 తర్వాత మరో కొత్త వెర్షన్ రాలేదు. అయినా మన చిన్న ఊళ్లలో అది తెరవని డీటీపీ షాపు ఈనాటికీ అరుదు. దీన్ని బద్ధకం అనేవాళ్లతో నేను ఏకీభవించను. శుభలేఖకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. పైగా అను ఫాంట్ల అక్షరాలు పెళ్లికార్డు మీద ఎంత నిండుగా కనిపిస్తాయో చేతిలోకి తీసుకుని చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పనిచేస్తున్న పనిముట్టుని పాతదైపోయిందని పారేయడం మా వృత్తిలో లేదు.

దానికి తోడు డబ్బు సంగతి ఉంది. అడోబీ సరుకుల్లో ఒకేసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే ఆఖరి వరస సీఎస్6. అది 2012లో వచ్చింది. మరుసటేడు నుంచి అంతా అద్దె పద్ధతి. మా రాబడి ముహూర్తాలతో వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో, శ్రావణంలో చేతినిండా పని. మిగతా నెలల్లో కరెంటు బిల్లు, కుర్రాళ్ల జీతాలు కట్టుకోవడమే గొప్ప. శుక్రమౌఢ్యమైనా ఆషాఢమైనా సాఫ్ట్‌వేర్ అద్దె మాత్రం ఆగదు. ఆపేశామా, మనం చేసిన ఫైలే మనకి తెరుచుకోదు. 2022 చివర్లో పాంటోన్ రంగుల విషయంలో జరిగింది చూశాక ఈ భయం గట్టిపడింది. అప్పటిదాకా ఫొటోషాప్‌లో కలిసి వచ్చిన ఆ రంగుల పట్టీలు చాలామటుకు పక్కకెళ్లిపోయాయి. వాటికి నెలకి పదిహేను డాలర్ల దాకా విడిగా కట్టాల్సొచ్చింది. కట్టనివాళ్లకి పాత ఫైళ్లలో ఆ రంగులున్న చోట నలుపు కనిపించింది. ఎప్పుడో డబ్బు తీసుకుని చేసిచ్చేసిన పనిలో ఇవాళ రంగు పోవడమంటే నాకు మనసొప్పలేదు.

ఇంతకీ అచ్చయిన సరుకు తిరిగి షాపుకి వచ్చేది దేనికి? వెర్షన్ పాతదని ఇంతవరకూ ఎవరూ తిరిగివ్వలేదు. రంగు తేడా వచ్చిందనో, ఒత్తు తప్పు పడిందనో తెచ్చారు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ రెండే చెప్పాలి.

ముందు రంగు. శుభలేఖ మూలలకి పెట్టే పసుపే తీసుకోండి. ఎల్లో నూరు శాతం, మెజెంటా పది పన్నెండు శాతం ఇస్తే ఆర్ట్ పేపరు మీద చక్కటి పసుపు వస్తుంది. కొత్త మానిటర్లు చాలావాటికి తెలుపులో నీలిజీర ఉంటుంది. దాని మీద ఆ పసుపు పాలిపోయినట్టు కనిపిస్తుంది. చెయ్యి ఊరుకోదు, మెజెంటా ఇంకో ఎనిమిది పెంచుతుంది. తెరమీద బాగుంటుంది, మెషీన్ మీదకి వెళ్లాక నారింజ పండు దిగుతుంది. నీలానిదీ ఇదే కథ. సయాన్, మెజెంటా రెండూ నూటికి నూరు ఇచ్చామా, నీలం బదులు వంకాయరంగు వస్తుంది. మెజెంటాని కనీసం ముప్ఫై తగ్గించి ఉంచాలి. పెళ్లివారు సర్దుకుపోయినా ఎన్నికల కరపత్రం దగ్గర పార్టీ రంగు అటూఇటూ అయితే ఎవరూ సర్దుకోరు. పైగా ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ఆ కాయితం అడుగున ప్రింటరు పేరు, చిరునామా ఉండి తీరాలి. తప్పు రంగు కింద మన పేరే ఉంటుంది.

దీనికి మందు కొత్త వెర్షన్‌లో లేదు. కెలిబ్రేటర్ అని అరచేతిలో పట్టే పరికరం ఒకటుంది. మానిటరు ముఖానికి వేలాడదీస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద చదరాలు ఒకటొకటిగా తెరమీదకొస్తాయి. ఒక్కోదాన్నీ కొలిచి, ఈ తెర ఎక్కడెంత తప్పు చెబుతోందో ప్రొఫైలుగా రాసిపెడుతుంది. వేర్వేరు కంపెనీల మానిటర్లు, ప్రింటర్లు ఒకే రంగు భాష మాట్లాడాలని 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టుకున్నాయి. ఆ ప్రొఫైలు పద్ధతి వాళ్లదే. రెండు పెద్ద రీప్రింట్లు తప్పితే మాకు పరికరం ఖరీదు వచ్చేస్తుంది.

అయితే అది మానిటర్ని చక్కబెడుతుందే తప్ప మెషీన్‌ని కాదు. అందుకని మేం వాడే పసుపులు, కుంకుమ ఎరుపులు, చిలకపచ్చలు శాతాలతో సహా ఒక చార్టుగా వేసి, పని ఇచ్చే ఆఫ్‌సెట్‌లోనే ఆర్ట్ పేపరు మీద ఒకటి, మ్యాప్‌లిథో మీద ఒకటి కొట్టించాం. మ్యాప్‌లిథో ఇంకుని పీల్చేస్తుంది. అదే ఎరుపు అక్కడ ఇటుకరంగుకి దిగుతుంది. పక్కపక్కన పెట్టి చూపిస్తే వచ్చినవాళ్లకి వాదన లేకుండా అర్థమైపోతుంది. చార్టు చూసేది ట్యూబులైటు కింద కాదు, గుమ్మం దగ్గర పగటి వెలుతుర్లో.

ఇక ఒత్తుల సంగతి. నా నిర్ణయాన్ని మార్చింది నిజానికి ఇదే. అను ఫాంటులో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా ఉండదు. తలకట్టు, గుడి, ఒత్తు ముక్కలుముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే ఏబీసీడీల గజిబిజి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇది బాగా తెలిసొచ్చింది. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. కొల్లేరు చుట్టూ చేపల మేత కొట్లు, ఐసు ఫ్యాక్టరీలు, లారీ ట్రాన్స్‌పోర్టుల బిల్లు పుస్తకాల మీద జిల్లా పేరు మార్చాలి. మా దగ్గరున్న ఫైళ్లలో ‘కృష్ణా జిల్లా’ ఎక్కడెక్కడుందో కంప్యూటర్ని అడిగితే చెప్పలేదు. దానికి ఆ అక్షరాలు తెలుగని తెలియదు కదా! ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నాం.

యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. ఇవాళ పెళ్లివారు మ్యాటరు కాయితం మీద రాసి తేవడం తగ్గింది. ఫోన్లో తెలుగులో కొట్టి వాట్సాప్‌లో పెడుతున్నారు. అది యూనికోడే. దాన్ని ముందు పెట్టుకుని మేం మళ్లీ అనులో కొడుతున్నాం. వాళ్లు సరిగ్గా పంపిన ఇంటిపేరు మా చేతిలో తప్పవుతోంది. రైతు, టీచరు, గుడి కమిటీ గుమాస్తా ఎప్పుడో మారిపోయారు. అక్షరాలు అచ్చేసి బతికే మేమే ఆగిపోయాం. దీన్ని మాత్రం సమర్థించుకోలేను.

మారడానికి అద్దె కట్టి తీరాలనీ లేదు. 2024 జనవరిలో వచ్చిన స్క్రైబస్ 1.6 ఉచితం. తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి, సీఎంవైకే రంగులు, ప్రెస్సుకి పనికొచ్చే పీడీఎఫ్ ఇస్తుంది. రామభద్ర, మండలి, పెద్దన, గిడుగు లాంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. అది మరిచిపోతే ‘లక్ష్మి’లో ఒత్తు విడిపోతుంది, తప్పు ఫాంటుదని తిట్టుకుంటాం.

శుభలేఖ హెడ్డింగు దగ్గర మాత్రం నేనింకా అనునే వదలను. ఆ నిండుతనం ఉచిత ఫాంట్లలో నాకు కనిపించలేదు. అందుకే పాత సిస్టమ్‌కి నెట్టు పీకేసి, హెడ్డింగులకీ పాత ఫైళ్లకీ ఉంచుకున్నాం. కొత్త సిస్టమ్‌లో మ్యాటరంతా యూనికోడ్. ముందుగా కొన్నది కెలిబ్రేటర్. అద్దె సాఫ్ట్‌వేర్ ప్రస్తుతానికి వద్దనుకున్నాం. రోజువారీ పుస్తకాల పని పెరిగితే మళ్లీ ఆలోచిస్తాం.

ప్రూఫులకి కూడా ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మ్యాటరు ప్రూఫు ఫోన్లో, రంగు ప్రూఫు కాయితం మీద. ఫోను తెర వెలుగుతో చూపించే చిలకపచ్చ నాలుగు ఇంకులతో రాదు. “ఏవండీ, ఫోన్లో మిలమిల్లాడిందండి, కార్డు మీద ఇలా మందంగా వచ్చిందేంటండీ” అనే మాట మా దగ్గర కొత్తేం కాదు. రంగు చూడ్డానికి షాపుకి రండి అంటే మొదట్లో విసుక్కున్నారు గానీ ఇప్పుడు వస్తున్నారు.

పాత ఫైళ్లలో ముందు మారుస్తున్నది సుబ్బారాయుడి షష్ఠి కరపత్రం. ఏటా మ్యాటరు దాదాపు అదే. తేదీలు, దాతల పేర్లు మారతాయి. అనుని యూనికోడ్ చేసే కన్వర్టర్లున్నాయి గానీ ఒత్తులు అక్కడక్కడ జారిపోతాయి కాబట్టి పేరు పేరునా చదువుకోవాల్సిందే. ఈ మూఢం అయ్యేలోగా దాతల పట్టీ పూర్తవుతుంది. ఆ తర్వాత కైకలూరు వైపు బిల్లు పుస్తకాలు.