గుండు మీద గుండు: దక్కను రాళ్లను గీసిన చేయి

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో బడి పిల్లాడికి కాగితం ఇచ్చి ప్రకృతి దృశ్యం గీయమంటే రెండు కోసు కొండలు గీస్తాడు. వాటి నడుమ పొద్దు, కిందికి వంకర్లు తిరుగుతూ ఏరు, పక్కన పెంకుటిల్లు. కిటికీలోంచి చూస్తే కనపడేది వేరు. ఎవరో పేర్చి వెళ్లినట్టు గుండు మీద గుండు, సందుల్లో సీతాఫలం పొదలు, దిగువన తాటిచెట్లు, సగం ఎండిన కుంట. ఇదీ ప్రకృతి దృశ్యమేనని పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. తన కుంచెతో ఆ మాట చెప్పిన తెలంగాణ చిత్రకారుడు ఒకరున్నారు, కొండపల్లి శేషగిరిరావు.

ఆయన 1924లో అప్పటి వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివారు. కళాపోషకుడు మెహదీ నవాజ్ జంగ్ ఆదరణతో శాంతినికేతన్ వెళ్లి చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో దశాబ్దాల పాటు పాఠం చెప్పి, 2012లో కన్నుమూశారు. పురాణ ఘట్టాలు, కావ్య నాయికల చిత్రాలతోనే ఆయన పేరు ఎక్కువమందికి తెలుసు. నాకు మాత్రం ఆయన గీసిన దక్కను రాళ్లే గొప్పవి. ఆ రాళ్లలో కథ లేదు, పాత్ర లేదు. చూసేవాణ్ని నిలబెట్టే పనంతా రాయే చేయాలి.

పుట్టిన నేలను ఇంత పట్టుదలగా గీసినవాళ్లలో ప్రపంచమంతా చెప్పుకునే పేరు ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్‌ది. 1776లో సఫోక్‌లో మిల్లు యజమాని ఇంట పుట్టాడు. స్టూర్ నది ఒడ్డున తండ్రి మిల్లు చుట్టూ ఉన్న కొద్దిపాటి జాగాను జీవితమంతా మళ్లీ మళ్లీ గీశాడు. చరిత్ర, పురాణం ఉంటేనే పెద్ద చిత్రమని అనుకునే రోజుల్లో, ఏటి నీళ్లలో నిలిచిన ఓ బండిని ఆరడుగుల కాన్వాసుకెక్కించాడు. 1821 నాటి ఆ చిత్రం ‘హే వేన్’ 1824లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం తెచ్చిపెట్టింది. 1821, 22ల్లో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల్ని వరసగా చిత్రించి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తున్నదీ రాసిపెట్టాడు. మిల్లు వాళ్ల బిడ్డ మరి, గాలిమర తిరగాలంటే ఆకాశం చదవడం రావాలి కదా! మృగశిర కార్తె నుంచి పడమటి మబ్బుకేసి చూసే మన మెట్ట రైతుకు ఆ చూపు కొత్త కాదు.

కాన్‌స్టబుల్ ఓపిక మనం తెచ్చుకోవచ్చు, అతని నేల పద్ధతులు మాత్రం ఉన్నవున్నట్టు ఇక్కడ పనికిరావు. ఇంగ్లండు నీటిరంగుల పద్ధతికి ఆ తడిగాలి తోడు. అక్కడ కాగితం నిదానంగా ఆరుతుంది, ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా జారుతుంది. ఏప్రిల్ నెలలో నల్లగొండ ఆరుబయట పలచగా రంగు పూస్తే, కుంచె అటు అంచు చేరేలోపే ఇటు అంచు ఆరి చార కడుతుంది. పైగా మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిన పడి గుట్టకు లోతు లేకుండా చేస్తుంది. రాయి రూపం తెలిసేది పొద్దున, మళ్లీ పొద్దు వాలాక.

ఇక్కడే శేషగిరిరావుకు శాంతినికేతన్ చదువు అక్కరకొచ్చింది. నందలాల్ బోస్ 1924లో రవీంద్రుడితో కలిసి చైనా, జపాన్ వెళ్లొచ్చినవాడు. నల్లసిరా, కుంచె పట్టుకుని శిష్యుల్ని ఆరుబయటికి పంపేవాడు. రాతి ఒంటి మీది ముడతలకూ పగుళ్లకూ చైనా చిత్రకారులు శతాబ్దాల కిందటే వేర్వేరు కుంచె విసుర్లు ఏర్పరచుకున్నారు. రాయి గీయడానికి తడి కంటే గీత ముఖ్యమని ఆ బడికి తెలుసు.

మన గుండునే తీసుకోండి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకూ వానకూ పగిలి, ఉల్లిపొరల్లా పెచ్చులూడి గుండ్రమైంది. దాని చుట్టూ ఒకే మందాన గీత గీస్తే బంతి అవుతుంది, రాయి కాదు. వెలుగు పడే పైఅంచున గీత తెగిపోవాలి, అక్కడ కాగితం తెల్లగానే మిగలాలి. కిందికి వచ్చేకొద్దీ కుంచె ఒత్తిడి పెరగాలి. రెండు గుండ్లు ఆనుకునే చోటు బొమ్మలో అన్నిటికంటే నల్లన, దాన్నే ముందు గీయడం మంచిది. బరువెక్కడ ఆగిందో తేలితే తతిమ్మా రాయి దానంతటదే నిలబడుతుంది. తర్వాత రంగు దాదాపు పిండేసిన కుంచెను గరుకు కాగితం మీద పక్కవాటుగా లాగితే గ్రానైటు పలుకు వస్తుంది. వాననీరు జారిన చోట నల్ల చారలు నిలువునా దిగాలి. పొద్దువాలే వేళ బూడిదరంగు రాతిలో గులాబి ఛాయ తేలుతుంది, నీడ నీలంగా మారుతుంది. ఆ రెండూ పక్కపక్కన పడితే చాలు, ఇక పచ్చరంగు పొదల దగ్గర రెండు చుక్కలే.

భువనగిరి ఖిల్లా ఉన్న ఏకశిల, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ: కోట కట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, రాళ్ల రూపం మాత్రం కాగితం మీద తక్కువ. ఈలోపు క్వారీలు, కంకర మిషన్లు గుట్టల్ని తినేస్తున్నాయి. హైదరాబాదులో 1996లో రాళ్ల రక్షణకు ఒక సంఘమే పుట్టింది. నరికిన అడవి మళ్లీ మొలవొచ్చు, పేల్చిన గుండు తిరిగి రాదు. అందుకే ఈ జిల్లాల డ్రాయింగు మాస్టార్లను నేను కోరేది ఒక్కటే. పిల్లల్ని క్యాలెండరు బొమ్మ ముందునుంచి లేపి ఊరి గుట్ట దగ్గర కూర్చోబెట్టండి. బొమ్మ పూర్తయ్యాక కాన్‌స్టబుల్ చేసినట్టే వెనక తేదీ, వేళ రాయించండి. ఆ గుండును ఊళ్లో పశువుల కాపరులు ఏ పేరుతో పిలుస్తారో అడిగి, అదీ రాయించండి.