యంత్రం నోట ‘చలి’

పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో 1897లో పుట్టిన కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆకాశవాణిలో పనిచేసిన మనిషి. అంతటి మాటకారి గొంతును క్యాన్సర్ తీసుకుపోయింది. ఆ తర్వాత ఆయన చెప్పదలచింది కాగితం మీద రాసి చూపించేవారు. 1985లో మాట పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు మాత్రం యంత్రం గొంతు దొరికింది.

ఇప్పుడు తెలుగుకూ అలాంటి గొంతులున్నాయి. మైక్రోసాఫ్ట్‌వి మోహన్, శ్రుతి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ తెర మీది తెలుగును చదివి వినిపిస్తుంది. చూపు లేని విద్యార్థికి ఇది నిజంగా వరం. చదివిపెట్టే మనిషి కోసం ఎదురుచూడనక్కర్లేదు, పాఠం ఎన్నిసార్లయినా వినొచ్చు. చట్టం కూడా వాళ్ల పక్షానే ఉంది. 2012 కాపీరైట్ సవరణ వైకల్యం ఉన్నవారికి పనికొచ్చే ప్రతులకు దారి తెరిచింది. అంధ పాఠకుల కోసం కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది భారతదేశమే.

చిక్కల్లా ఉచ్చారణలో ఉంది. తెలుగును రాసినట్టే చదువుతాం అంటారు గానీ, అది పూర్తిగా నిజం కాదు. ‘చలి’ అనేటప్పుడు నాలుక పళ్ల వెనక ఆనుతుంది. ‘చలనం’ అంటే అంగిలికి తాకుతుంది. ‘జల్లు’, ‘జలం’ కూడా అంతే. అక్షరం ఒకటే, పలుకులు రెండు. అచ్చ తెలుగు మాట ఏదో, సంస్కృతం నుంచి వచ్చింది ఏదో తెలిసిన నోటికి తడుముకోవలసిన పని ఉండదు. యంత్రానికి ఆ తేడా ఎవరో ఒకరు నేర్పాలి. సి.పి. బ్రౌన్ తన 1852 తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో పళ్ల చకారాన్ని ‘ౘ’ అని గుర్తు పెట్టి మరీ చూపించాడు. ఆ అక్షరం యూనికోడ్‌లోనూ ఉంది, మన ఇప్పటి అచ్చులోనే అరుదుగా కనబడుతుంది. పిఠాపురం మహారాజా పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. ఒక్కో మాటకూ అంత శ్రమపడ్డ ఆ ప్రాంతపు పుస్తకాలను తప్పుడు పలుకుతో వినిపిస్తే ఊరుకోకూడదు.

పాఠ్యపుస్తకానికి, వార్తకు యంత్రం చాలు. పద్యానికి చాలదు. ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో అర్థం ఎరిగి చదివేవాళ్లు కావాలి. కథలో గోదావరి యాసకూ అంతే. ‘దాసుభాషితం’ యాప్ తెలుగు పుస్తకాలను మనుషుల గొంతుతో వినిపిస్తోంది, ఆ పని ఆగిపోకూడదు.

ప్రచురణకర్తలకు ఒక మనవి. యంత్రంతో చదివించిన పుస్తకమైతే ఆ సంగతి ముందే చెప్పండి. విడుదలకు ముందు ఆ పుస్తకంలోని పలుకు తెలిసిన ఒకరికి మొత్తం వినిపించి, తప్పులు దిద్దించండి. ఆ పనికి తగిన డబ్బు కూడా ఇవ్వండి.